బోరు లెక్క ఊరికి తెలియాలి

2024లో పాత నల్లగొండ జిల్లాకు నీళ్లు రెండు తీర్ల పరీక్ష పెట్టాయి. యాసంగిలో నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద సాగుకు నీళ్లు ఇవ్వలేదు. బోరును నమ్ముకుని నాట్లేసిన చాలాచోట్ల వరి పొట్ట దశలోనే ఎండింది. రైతులు గొర్లను, బర్లను పొలంలోకి తోలారు. సెప్టెంబరు మొదట్లో కుండపోత కురిసి కోదాడ ప్రాంతం మునిగింది. నడిగూడెం మండలంలో అదే ఎడమ కాలువకు గండి పడింది. ఆర్నెల్ల కింద చుక్క కోసం ఎదురుచూసిన జిల్లాలో పొలాలు ఇసుక మేటల కింద పోయాయి.

వాతావరణ మార్పు గురించి ఇక్కడి జనంతో మాట్లాడాలంటే ఈ నీళ్ల దగ్గరే మొదలుపెట్టాలి. కర్బన ఉద్గారాల లెక్కలు చెప్పి, ర్యాలీ తీసి, మొక్క నాటి ఫొటో దిగితే ఊరు కదలదు. తన బోరులో ఎన్ని నీళ్లున్నాయో రైతుకు తెలిసినప్పుడు, ఆ నీళ్లను ఎట్లా వాడాలో ఊరంతా కూర్చుని తేల్చుకునే వీలున్నప్పుడు కదులుతుంది. ఇది ఊహించి చెబుతున్న మాట కాదు, నల్లగొండ, పాలమూరు (మహబూబ్‌నగర్) ఊళ్లు చేసి చూపించిన పని.

నల్లగొండ పట్టణం అంచున ఉన్న పానగల్‌ను చూడండి. కందూరు చోడుల కాలం నాటి ఉదయసముద్రం ఇప్పటికీ నిండుగా కనబడుతుంది. అయితే ఆ నీళ్లు కృష్ణవి. సాగర్ వెనక జలాలను పుట్టంగండి దగ్గర మోటార్లతో ఎత్తిపోస్తే అక్కంపల్లి మీదుగా ఇక్కడికి చేరతాయి. కాలువ అందిన ఊరి అదృష్టం అది. కాలువ అందని మెట్ట ఊళ్లకు దిక్కు బోరే. మెట్ట మీద బోరు లోతుకు పోయేకొద్దీ ఏమవుతుందో, ఫ్లోరైడుతో ఎముకలు వంగిన మనుషులను తరాలుగా చూసిన ఈ జిల్లాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

చెరువుల కాలంలో నీళ్ల పెత్తనం ఊరి చేతిలో ఉండేది. తూము ఎప్పుడు తీయాలో, ఏ మడికి ఎంత పారాలో నీరటి చూసుకునేవాడు. నీళ్లు తక్కువైన ఏడు ఆయకట్టులో కొంత భాగమే సాగుచేద్దామని పెద్దలు ముందే ఒప్పుకునేవారు. ఆ ఏర్పాటులో కులం, భూమి పెత్తనాలు లేకపోలేదు. కానీ నీరు అందరి కళ్లముందుండేది. బోరు వచ్చాక నీరు కంటికి కనబడకుండా పోయింది. ఎవరి మోటారు వారిది, ఎవరి అప్పు వారిది. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు వచ్చింది. రాత్రిళ్లు నిద్ర మాని కాచుకునే బాధ తప్పిన మాట నిజమే. కరెంటు రాగానే మోటారును నడిపించే ఆటో స్టార్టర్లు తీసేయండని సర్కారే రైతులను బతిమాలాల్సి వచ్చిందన్నదీ నిజమే.

ఉమ్మడి రాష్ట్రంలో 2003 తర్వాత కొన్నేళ్లు ఒక అరుదైన ప్రయత్నం జరిగింది. నెదర్లాండ్స్ నిధులతో, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో ఏపీఎఫ్ఏఎంజీఎస్ (రైతులే నడిపే భూగర్భజల వ్యవస్థలు) అనే పథకం ఏడు కరువు జిల్లాల్లో నడిచింది. అందులో నల్లగొండ, మహబూబ్‌నగర్ ఉన్నాయి. సబ్సిడీ లేదు, పంపుసెట్టు ఇవ్వలేదు. ఇచ్చిందల్లా కొలిచే నేర్పు. పదిహేను రోజులకోసారి రైతులే బోరులోకి కొలత తీగ దించేవారు. కొస నీటిని తాకగానే చేతిలోని పరికరం కూత పెట్టేది, లోతు రాసుకునేవారు. డెలివరీ పైపు కింద డ్రమ్ము పెట్టి, అది ఎన్ని సెకన్లలో నిండుతుందో స్టాప్‌వాచ్‌తో చూసేవారు. వాన లెక్కా వాళ్లే రాసేవారు. ఆడవాళ్లు కూడా ఈ కొలతల్లో ఉండేవారు. అంకెలన్నీ ఊళ్లో గోడమీది బోర్డుకెక్కేవి.

యాసంగి ముందు అందరూ కూర్చునేవారు. భూమిలో ఉన్న నీళ్లెన్ని, ఎవరు ఏ పంట వేయాలనుకుంటున్నారు, ఆ పంటలన్నిటికీ పట్టే నీళ్లెన్ని? లోటు తేలితే అది అందరి ముందే తేలేది. వరి వేయొద్దని ఎవరూ ఎవరినీ ఆపలేదు. లెక్క చూసుకున్నాక చాలామంది తమంతట తామే వరి తగ్గించి ఆరుతడి పంటలకు మళ్లారు. 2010లో భారత భూగర్భజలాలపై వెలువడిన ప్రపంచ బ్యాంకు నివేదిక ఈ ప్రయత్నాన్ని ప్రత్యేకంగా మెచ్చుకుంది.

దీన్ని ఆకాశానికెత్తి వదిలేయడం న్యాయం కాదు. తర్వాత వచ్చి చూసిన పరిశోధకులు, పథకం వెళ్లిపోయాక తెలివిడి మిగిలింది గానీ కట్టుబాటు నిలవలేదని గుర్తించారు. ఇంకో లోపమూ ఉంది. బోరు లేని రైతుకు ఆ లెక్కలో చోటెక్కడ? దీనికి జవాబు మహబూబ్‌నగర్‌లోనే దొరికింది. కరువును తట్టుకునే పథకం కింద అక్కడి కొన్ని ఊళ్లలో బోర్లను పైపులైన్లతో కలిపారు. బోరున్న రైతు పక్క చెల్కకు ఒకటి రెండు తడులు ఇచ్చేందుకు, ఎవరూ కొత్త బోరు వేయకుండా ఉండేందుకు ఒప్పందం రాసుకున్నారు. వానాకాలంలో పది పదిహేను రోజులు వాన మొహం చాటేస్తే ఆ ఒక్క తడే పంటను నిలబెడుతుంది. బోరు లేని వాడికి వాటా దొరికితేనే కొత్త బోరు వేయాలన్న ఆరాటం ఆగుతుంది. కొలతతో పాటు పంపకం కూడా ఉంటేనే కట్టుబాటు నిలుస్తుందన్నది ఈ రెండు అనుభవాలను పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది.

మరి ఆ తర్వాత సర్కారు ఊరిని ఎట్లా కదిలించింది? 2018 పంచాయతీరాజ్ చట్టం నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలంది, బతక్కపోతే సర్పంచి పదవికి ముప్పు పెట్టింది. మొక్కలు బతికాయి, కొన్ని ఊళ్లలో బాగానే బతికాయి. కానీ భయమంతా సర్పంచిది, కార్యదర్శిది. ఊరివాళ్లు చూసేవాళ్లుగా మిగిలారు. మిషన్ కాకతీయలో ఇంతకన్నా మంచి దారి కనబడింది. చెరువుల పూడిక తవ్వడం సర్కారు ఖర్చు, దాన్ని పొలానికి తోలుకోవడం రైతు ఖర్చు. చేనుకు బలమని తెలుసు కాబట్టి ట్రాక్టర్లు వాటంతటవే బారులు తీరాయి.

కేంద్రం 2019 డిసెంబరులో 6,000 కోట్ల రూపాయలతో అటల్ భూజల్ యోజన మొదలుపెట్టింది. గ్రామ పంచాయతీలే నీటి బడ్జెట్ వేసుకోవాలన్నది దాని ప్రాణం. ఎంచుకున్న ఏడు రాష్ట్రాల్లో తెలంగాణ లేదు. ఈ పద్ధతిని ఎంతో ముందే చేసి చూపించిన జిల్లాలు ఆ జాబితాలో లేకపోవడం బాధ కలిగించే విషయం.

కేంద్రం కోసం ఆగనక్కర్లేదు. భూగర్భజల శాఖకు పరిశీలక బావులున్నాయి, నెలనెలా కొలతలున్నాయి. అవి పంచాయతీ గోడకెక్కాలి. ప్రతి ఊళ్లో పదిమంది రైతులకు, మహిళా సంఘాల సభ్యులకు కొలత తీగ, వర్షమాపకం ఇవ్వాలి. యాసంగి నాట్లకు ముందు ఒక గ్రామసభ కేవలం నీటి లెక్కకే జరగాలి, బోరు లేని కుటుంబాలు తప్పక పిలుపు అందుకోవాలి. పక్క చెల్కకు తడి ఇచ్చేందుకు ఒప్పుకున్న ఊళ్లకే పైపులైన్ల ఖర్చు ముందుగా ఇవ్వాలి. తొలి విడతకు మర్రిగూడ, చండూరు, దేవరకొండ వైపు మెట్ట ఊళ్లను ఎంచుకోవచ్చు. కొలత తీగ ఒకప్పుడు చేత్తో పట్టిన రైతులు పాత నల్లగొండ, పాలమూరు ఊళ్లలో ఇంకా ఉన్నారు. కొత్తవాళ్లకు నేర్పే పని వాళ్లకే అప్పగించాలి.