నాలుగక్షరాల మంత్రం

టెలివిజను కొత్తగా వచ్చిన రోజుల్లో మేడమీద యాంటెనా తిప్పినవాళ్ళు ఈ పత్రిక చదివే ఇళ్ళలో చాలామందే ఉంటారు. పైన ఒకరు గొట్టం పట్టుకుని "వచ్చిందా?" అని కేక వేయడం, కింద గదిలోంచి మరొకరు "బొమ్మ వచ్చింది, మాట పోయింది!" అని జవాబు చెప్పడం, మెట్ల మధ్యన ఓ కుర్రవాడు నిలబడి ఆ కబురు అటూ ఇటూ అందించడం – ఇంత సంసారం ఉండేది అందులో. అంతకు నాలుగింతల సంసారం ఆ తర్వాత కొద్ది సంవత్సరాలకే మరొకటి వచ్చింది. కాకపోతే అందులో పైన తిప్పేవాడూ, కింద చూసేవాడూ, మధ్య కబురు మోసేవాడూ ముగ్గురూ ఒక్కడే. తొంభైల దశకంలో ఇంటి కంప్యూటరులో లినక్సు ఎక్కించడానికి కూచున్నవాడి సంగతి చెబుతున్నాను.

తెలియనివారి కోసం ఒక్క మాట. కంప్యూటరనే పెట్టె మనిషి మాట వినాలంటే దానిలో ఒక మూల వ్యవస్థ ఉండాలి. ఎక్కువ ఇళ్ళలో అది విండోస్. 1991 ఆగస్టులో ఫిన్లండు దేశంలో హెల్సింకీ విశ్వవిద్యాలయపు విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్, తాను సరదాకి అలాంటి వ్యవస్థ ఒకటి రాస్తున్నానని నలుగురికీ తెలియజేశాడు. అప్పటికి అతడి వయస్సు 21. ఆ ప్రకటనలోనే, ఇది నా దగ్గరున్న రకం హార్డు డిస్కు మీద తప్ప మరోదాని మీద బహుశా ఎన్నటికీ పనిచేయదు, ఎందుకంటే నాకున్నది అదొక్కటే అని కూడా చెప్పాడు.

ఆ మాటలోనే కథంతా ఉంది. లినక్సు ఎవరి ఇంటి సామానుకు తగ్గట్టు వారే సరిచేసుకుంటూ పెంచిన వ్యవస్థ. సౌండు కార్డు కొంటే దానితో పాటు విండోస్ కోసం ఒక డిస్కు ఇచ్చేవారు. లినక్సు కోసం ఎవరూ ఏమీ ఇచ్చేవారు కారు. ఆ కార్డే ఉన్న ఏ దేశస్థుడో రాత్రిళ్ళు కూచుని, అది ఎలా పనిచేస్తుందో కనిపెట్టి, డ్రైవరు రాసి పెడితే మనకు పాట వినబడేది. లేకపోతే లేదు.

ముందుగా లినక్సు చేతికి రావాలి. 1993లో వచ్చిన స్లాక్‌వేర్ వంటివి ఫ్లాపీల కట్టగా దొరికేవి. ఒక్కొక్క ఫ్లాపీలో 1.44 మెగాబైట్లు. కట్ట సగం ఎక్కిన తర్వాత ఒక ఫ్లాపీ చదవడం మానేసిందంటే ఇక అక్కడే బండి ఆగింది. తర్వాత్తర్వాత కంప్యూటరు పత్రికలతో పాటు ఉచితంగా సి.డి.లు రావడం మొదలయింది. మన దేశంలో చాలామంది కుర్రవాళ్ళు లినక్సు మొహం చూసింది అలాగే.

సి.డి. ఉచితమే గాని కంప్యూటరు ఉచితం కాదు కదా! ఆ రోజుల్లో మధ్యతరగతి ఇంట్లో కంప్యూటరంటే తండ్రిగారు బ్యాంకులోనో ఆఫీసులోనో అప్పు తీసుకుని కొన్న వస్తువు. ఇల్లంతటికీ ఒక్కటే. దానిలో అక్క ప్రాజెక్టు రిపోర్టు ఉంటుంది, నాన్నగారి లెక్కలుంటాయి. లినక్సు పెట్టాలంటే ఆ ఒక్క హార్డు డిస్కునే రెండు వాటాలు చేయాలి. అన్నదమ్ముల మధ్య పెరడు పంచినట్టే. గోడ ఒక గజం ఇవతలికి జరిగిందంటే అక్క రిపోర్టు గల్లంతు. వాటాలు వేసే ఎఫ్‌డిస్క్ అనే సాధనం మాత్రం బుద్ధిమంతురాలు. మనం ఎన్ని గీతలు గీసినా అవి కాగితం మీద గీతలుగానే ఉంచేది. చివర 'డబ్ల్యు' అక్షరం కొడితేనే డిస్కు మీద రాసేది. 'క్యు' కొడితే ఏమీ ఎరగనట్టు బయటికి వచ్చేసేది. ఆ రెండక్షరాల నడుమ వేలు గాలిలో నిలబెట్టి దేవుణ్ణి తలుచుకోనివాడు ఆ కాలంలో లేడు.

వాటాలు కుదిరి, లినక్సు ఎక్కి, యంత్రం ఆపి మళ్ళీ వేశారనుకోండి. అప్పుడు తెర మీద ఒక్కొక్కటిగా నాలుగు ఇంగ్లీషు అక్షరాలు రావాలి: ఎల్, ఐ, ఎల్, ఓ. లిలో! లినక్సును నిద్రలేపే ద్వారపాలకుడి పేరది. ఈ మహానుభావుడు తన పేరు ఒక్క గుక్కలో చెప్పడు. ఒక్కొక్క మెట్టు ఎక్కినప్పుడు ఒక్కొక్క అక్షరం పలుకుతాడు. హార్డు డిస్కు మొదట్లో 512 బైట్ల ఇరుకు గది ఉంటుంది. అందులో ఉన్న మొదటి భాగం లేవగానే ఎల్. అది రెండో భాగాన్ని జ్ఞాపకంలోకి తెచ్చిపెడితే ఐ. ఆ రెండో భాగం నడక మొదలుపెడితే మళ్ళీ ఎల్. కావలసిన పట్టికలన్నీ చేతికి అందితే ఓ.

కాబట్టి పేరు ఎక్కడ తెగిందో చూస్తే రోగం ఎక్కడుందో తెలుస్తుంది. అసలేమీ రాకపోతే ద్వారపాలకుడే అక్కడ లేడు. ఎల్ తర్వాత అంకెలు వరసగా పరిగెత్తితే డిస్కు చదవడంలో చిక్కు. 'లి' దగ్గర ఆగిందా, రెండో భాగం వచ్చింది గాని నడవలేదు. తరుచుగా డిస్కు కొలతల విషయంలో యంత్రం ఒకటి అనుకుంటే లిలో మరొకటి అనుకోవడమే కారణం. ఆనాటి యంత్రాలు లేచీ లేవగానే డిస్కులో మొదటి 1024 సిలిండర్ల వరకే చూడగలిగేవి. లినక్సు మూలభాగం ఆ గీత అవతల పడితే, ఉన్నా లేనట్టే. దానికోసం డిస్కు మొదట్లోనే చిన్న వాటా ఒకటి విడిగా ఉంచడం అలవాటయింది.

ఛందస్సు పాఠం చెప్పుకునేవాణ్ణి కనుక నాకు ఈ ఘట్టం మహా ఇష్టం. పద్యం కుంటుతోందంటే చాలదు. గురులఘువులు వేసుకుంటూ పోతే, మూడో గణం దగ్గర ఒక లఘువు ఎక్కువయిందని దొరుకుతుంది. ఆ ఒక్కటీ సరిచేస్తే పద్యం నిలబడుతుంది. పద్యమంతా కొట్టేసి మళ్ళీ రాయనక్కరలేదు. "అంతా తుడిచేసి మళ్ళీ మొదటినుంచీ ఎక్కించు" అన్న సలహా ఇచ్చేవాళ్ళు ఆ రోజుల్లోనూ ఉండేవారు, ఈ రోజుల్లోనూ ఉన్నారు. అది వైద్యం కాదు, తప్పించుకోవడం.

సరే, లిలో పూర్తిగా పలికాడు. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు బారులు తీరాయి. కాని ఇంట్లోవాళ్ళకు కావలసింది బొమ్మలూ కిటికీలూ ఉన్న తెర. దానికి ఎక్స్‌ఫ్రీ86 అనే వ్యవస్థ ఉండేది. దానికి మన మానిటరు సంగతి మనమే చెప్పాలి. వెనకటి గాజుతెరల్లో కిరణం ఒకటి గీతలు గీసుకుంటూ పోయేది. అడ్డంగా 640, నిలువుగా 480 చుక్కల బొమ్మను సెకనుకు 60 మార్లు చూపాలంటే అది సెకనుకు సుమారు 31,500 గీతలు గీయాలి. మన మానిటరు ఎంతవరకు గీయగలదో ఆ అంకె వేయాలి. తక్కువ వేస్తే బొమ్మ ముతక. ఎక్కువ వేస్తే బొమ్మ చెదిరి దొర్లుతుంది, కొన్ని పాత రకాలు పాడయిపోయే ప్రమాదం కూడా ఉందని పుస్తకాల్లోనే హెచ్చరిక రాసేవారు. అసలు అంకె ఉండేది మానిటరుతో వచ్చిన చిన్న పుస్తకం చివరి పేజీలో. ఆ పుస్తకమేమో అట్టపెట్టెతో పాటు పాత సామాన్లవాడికి వెళ్ళిపోయి ఉండేది!

తెర వచ్చినా మౌసు కదిలేది కాదు ఒక్కొక్కప్పుడు. పెట్టె వెనక ఒకటో రంధ్రంలో దాని తీగ ఉంది, అక్కడే ఉందని రాశాం, ఇంకేమి లోపం? లోపమల్లా లెక్కలో ఉంది. మనం ఒకటి నుంచి లెక్కపెడతాం. లినక్సు సున్న నుంచి మొదలుపెడుతుంది. మన ఒకటి దానికి సున్న.

సౌండు కార్డుది మరో తగాదా. కంప్యూటరులో ఒక్కొక్క భాగం అసలు యజమానిని పిలవడానికి ఒక్కొక్క గంట కొడుతుంది. ఆనాటి యంత్రాల్లో సున్న నుంచి 15 దాకా మొత్తం 16 గంటలు. సౌండు కార్డుకు మామూలుగా 5వ నెంబరు. మరో కార్డు కూడా అదే గంట పట్టుకుంటే, ఒకే తలుపు గంట ఉన్న ఇంట్లో ఇద్దరు అద్దెకున్నట్టు, ఎవరికోసం ఎవరొచ్చారో తెలియదు. ఏ గంట ఎవరిదో లినక్సే పట్టిక వేసి చూపించేది. చదువుకుని ఒకరిని పక్కకు జరపాలి. రెడ్ హ్యాట్ వారి లినక్సులో ఈ పని చూసే సాధనం ఒకటుండేది. అన్నీ కుదిరితే పరీక్షగా ఒక మనిషి గొంతు వినిపించేది. లీనస్ టోర్వాల్డ్స్‌గారే స్వయంగా తన పేరు చెప్పుకుని, లినక్సు అన్న మాటను తానెలా పలుకుతాడో పలికి చూపేవాడు. మూడు రాత్రుల జాగారం తర్వాత ఆ గొంతు వింటే ఎలా ఉంటుందో విన్నవాళ్ళనే అడగాలి.

ఇవన్నీ ఓపికకు లొంగే చిక్కులు. ఒక మారు ఒక్కటే మార్చాలి, మార్చింది నోటుపుస్తకంలో రాసుకోవాలి, ఫలితం చూడాలి. దారి దొరికిన తర్వాత కొందరు ఆ రాసుకున్నదానిని అందరికోసం 'హౌ టు' అనే పేరుతో వ్యాసాలుగా పెట్టారు. మోడెముకు ఒకటి, ప్రింటరుకు ఒకటి, సౌండుకు ఒకటి. జీతం లేదు, బిరుదు లేదు.

ఓపికకు లొంగని చిక్కు ఒకటుంది. నేను ఎం. ఏ. చదివే రోజుల్లో హాస్టలులో నా పక్క గది మిత్రుడు ఎం. సి. ఏ. విద్యార్థి. ఇంటర్నెట్టు కోసం చౌకగా దొరికిందని కంప్యూటరు లోపల బిగించే మోడెము ఒకటి కొన్నాడు. విండోస్‌లో చక్కగా కూసేది. లినక్సులో కిక్కురుమనేది కాదు. పదిహేను రోజులు గింజుకున్నాడు. తీరా తెలిసిందేమిటంటే, అది సగం మోడెమేనట. ఖర్చు తగ్గించడానికి అసలు పని చేసే భాగం తీసేసి, ఆ పనిని విండోస్ కోసం రాసిన డ్రైవరుకు అప్పగించారు. వాటికి విన్ మోడెములని పేరు. పోనీ, ఆ డ్రైవరు లినక్సుకూ రాద్దామంటే లోపలి మర్మం చెప్పరు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తిననివ్వదు అన్న సామెత ఇలాంటివాళ్ళను చూసే పుట్టి ఉంటుంది. చివరికి మా వాడు నెల మెస్సు డబ్బు అప్పుపెట్టి, బయట తగిలించే పూర్తి మోడెము కొనుక్కున్నాడు. అది మొదటిరోజే పనిచేసింది.

లినక్సు మొరటుదే, కాని దాని లోపాన్ని అది దాచుకోదు. మోడెము నాజూకైనదే, దాని లోపం మాత్రం తాళం వేసిన పెట్టెలో ఉంది. ఈ తేడా కంప్యూటరు పిచ్చివాళ్ళకే పరిమితం కాదని మన తెలుగు చెబుతుంది. 1991 నుంచీ యూనికోడులో తెలుగుకు 128 స్థానాలు కేటాయించి ఉన్నాయి. కాని ఆ తర్వాత చాలాకాలం లినక్సు తెర మీద తెలుగు తెరిస్తే ఖాళీ గళ్ళు కనిపించేవి. లేదా 'స్త్రీ' అన్న మాట సకారం ఒకచోట, పొల్లు ఒకచోట, వత్తులు మరోచోట విడిపోయి దీనంగా నిలబడేది. దీనిని చక్కదిద్దమని ఏ కంపెనీ గుమ్మం ముందూ మనం నిలబడలేదు. లోపలి రాత అందరికీ తెరిచి ఉంది కనుక, వత్తు ఎక్కడ కూర్చోవాలో తెలిసినవాళ్ళు వెళ్ళి నేర్పగలిగారు. 2002 తర్వాత కొద్ది సంవత్సరాల్లో పాంగో వంటి భాగాలు తెలుగును కుదురుగా చూపడం మొదలుపెట్టాయి. కెనడాలో ఉంటూ తిరుమల కృష్ణ దేశికాచార్యులుగారు పోతన, వేమనల పేర్లతో ఖతులు చేసి ఇచ్చారు. హైదరాబాదులో 'స్వేచ్ఛ' సంస్థవారు మెనూలతో సహా వ్యవస్థనే తెలుగు చేసే పని తలకెత్తుకున్నారు. ఏడెనిమిది కోట్ల మంది మాట్లాడే భాష అక్షరాలు విరిగిపోతే, విరిగినచోట చెయ్యి పెట్టగలిగామంటే ఆ తలుపు తెరిచి ఉండబట్టే.

ఇప్పుడు ఆ కష్టాలు చాలావరకు లేవు. 2000లో జర్మనీ నుంచి క్లాస్ నాపర్ అనే ఆయన నాపిక్స్ తెచ్చారు. సి.డి. వేస్తే హార్డు డిస్కు ముట్టుకోకుండానే, ఇంట్లో ఏ సామానుందో తానే పసిగట్టి లేచేది. 2004లో ఉబుంటు వచ్చింది. కొంతకాలం అడిగినవారికి సి.డి.లు తపాలాలో ఉచితంగా పంపారు. లిలోను మెరుగుపరిచే పని 2015 చివరితో ఆగిపోయింది. ఆ ద్వారపాలకుడి ఉద్యోగం ఇప్పుడు ఇతరులది.

మీ ఇంట్లో నిదానించిపోయిన పాత కంప్యూటరు అటకెక్కడానికి సిద్ధంగా ఉంటే, తక్కెడవాడికి వేసేముందు అబ్బాయినో అమ్మాయినో ఒక పెన్‌డ్రైవులో లినక్సు తెచ్చి చూడమనండి. పాత ఫోటోలు ముందుగా మరోచోట దాచుకోండి. డిస్కు ముట్టుకోకుండా నడిపి చూసి, నచ్చితేనే ఎక్కించుకోవచ్చు. ఏదైనా మొరాయిస్తే కంగారుపడి పది మీటలు నొక్కకండి. తెర మీద ఏ మాట దగ్గర ఆగిందో, అక్షరం పొల్లుపోకుండా, ముందు అది కాగితం మీద రాసుకోండి. సగం మరమ్మతు అందులోనే అయిపోతుంది.