జవాబు చెప్పొద్దు.. నూటికెంతో అడగండి

సింధనూరు, మాన్వి తాలూకాల్లోని క్యాంపుల్లో ఏ ఇంట్లోనైనా సాయంత్రం కనిపించే దృశ్యమే ఇది. ఏడో తరగతి పిల్ల పుస్తకం పట్టుకొచ్చి 'అమ్మా, ఎనిమిదింట మూడు వంతులంటే ఎంత శాతం?' అంటుంది. అవతల పొయ్యి మీద కూర మాడుతుంటుంది. అమ్మ ఫోన్‌లో నొక్కి చూసి 'ముప్పై ఏడున్నర, రాసుకో పో' అంటుంది. పిల్ల రాసేసుకుంటుంది. మర్నాడు బడిలో ఎనిమిదింట ఐదు ఇస్తే పెన్సిల్ ఆగిపోతుంది. నిన్న ఆ పిల్లకు అందింది జవాబే గానీ లెక్క కాదు.

ఒక్క లెక్క రాకపోతే కొంప మునిగిందా అనుకోవచ్చు. కానీ శాతం లెక్క పరీక్షతో పోయేది కాదు. రాయచూరు జిల్లాలో అది మార్కెట్ యార్డులో కాటా దగ్గరా, అప్పు కాగితం మీదా రోజూ ఎదురయ్యేదే. 75 కిలోల వడ్ల బస్తాకు రెండు కిలోల తరుగు తీస్తే 'రెండేగా' అనిపిస్తుంది. నూటికి లెక్కగడితే అది 2.67 శాతం. నలభై బస్తాలు తూస్తే 80 కిలోలు, అంటే బస్తా పైచిలుకు పోయినట్టే. పత్తి సంగతీ అంతే. భారత పత్తి సంస్థ కొనుగోళ్లలో తేమ 8 శాతం లోపుంటే పూర్తి మద్దతు ధర. అది దాటితే 12 శాతం వరకు ధరలో కోత. ఆపైన కొననే కొనరు.

వడ్డీ లెక్క మరీ మాయ. ఊళ్లో 'నూటికి రెండు రూపాయలు' అంటారు. బ్యాంకులో పంట రుణం 7 శాతం అంటారు. ఏడు కంటే రెండు తక్కువే కదా అనుకుంటే పప్పులో కాలేసినట్టే. ఊరి వడ్డీ నెలకు, బ్యాంకు వడ్డీ ఏడాదికి. నెలకు రెండు చొప్పున ఏడాదికి 24 శాతం అవుతుంది. 2011 జనాభా లెక్కల్లో జిల్లా అక్షరాస్యత 59.56 శాతం. అంటే ఏడేళ్లు నిండిన వాళ్లలో నూటికి నలభై మందికి చదవడం, రాయడం రాదు. అలాంటి ఇళ్లలో అప్పు కాగితం చదివి పెట్టాల్సింది బడికెళ్లే పిల్లలే. వాళ్లకూ జవాబు అందిచ్చి పంపితే ఇంటికి దిక్కెవరు?

నిజానికి ఈ లెక్క మన నాలుక మీదే ఉంది. బడిలో కన్నడ పుస్తకం 'శేకడా' అంటుంది. బజార్లో ఉర్దూలో 'ఫీసదీ' అంటారు. ఇంట్లో తెలుగులో 'నూటికి ఇంత' అంటాం. మూడింటికీ అర్థం ఒక్కటే, వందకు ఎంత అని. పిల్లకు అడ్డం పడుతోంది లెక్క కాదు, పేరు. కాబట్టి 'శేకడా 40 అంటే ఏంటే?' అని ముందు అడగాలి. 'నూటికి నలభై' అని పిల్ల నోటితోనే వస్తే సగం పని అయినట్టే.

ఇక ఎనిమిదింట మూడు. జవాబు చెప్పకుండా 'వంద రూపాయలు ఎనిమిది మందికి సమానంగా పంచితే ఒక్కొక్కరికి ఎంత?' అనాలి. పన్నెండున్నర అని తేలుతుంది. 'మరి ముగ్గురి వాటా?' అంటే ముప్పై ఏడున్నర అని తనే చెబుతుంది. రేపు ఎనిమిదింట ఐదు వచ్చినా భయం లేదు. ఇంట్లో ఎనభై దాటిన తాతయ్య ఉంటే ఇంకా సులువు. 1957 ఏప్రిల్‌లో నయాపైసలు వచ్చేదాకా రూపాయికి పదహారణాలు. ఆయన లెక్కలో ఎనిమిదింట మూడంటే ఆరణాలు. పదహారణాల తెలుగు అన్నా, నూటికి నూరు పాళ్లు తెలుగు అన్నా ఒకటే కదా!

దశాంశాల దగ్గర తప్పు మరోలా ఉంటుంది. 0.25 అంటే 25 శాతం అని నేర్చిన పిల్ల 0.4ను 4 శాతం అని రాస్తుంది. చుక్క తీసేస్తే చాలనుకుంటుంది. 'తప్పు' అని కొట్టేసి 40 అని దిద్దితే మళ్లీ అదే తప్పు చేస్తుంది. 'రూపాయిలో 0.4 అంటే నాలుగు పైసలా, నలభై పైసలా?' అని అడగాలి. 'మరి నాలుగు పైసలను ఎలా రాస్తావు?' అంటే 0.04 దగ్గరకు తనే వస్తుంది. చివర్లో 'ఇది సగం కంటే ఎక్కువా, తక్కువా?' అనే ప్రశ్న అలవాటు చేస్తే చాలా తప్పులు పిల్లలే పట్టుకుంటారు. 0.4 సగానికి దగ్గర్లో ఉంది, 4 శాతం ఎక్కడో అడుగున ఉంది.

జవాబు చెప్పొద్దంటే పిల్లను గాలికి వదిలేయమని కాదు. రెండు ప్రశ్నలకూ కదలకపోతే వేరే అంకెలతో ఒక లెక్క పూర్తిగా చేసి చూపించాలి. తన లెక్క మాత్రం తననే చేయనివ్వాలి. సాయం మరీ ఎక్కువా కాకూడదు, మరీ తక్కువా కాకూడదని హంగరీలో పుట్టిన గణితవేత్త జార్జ్ పోల్యా 1945లోనే తన పుస్తకంలో చెప్పారు.

సిలబస్ పూర్తి చేయడానికే టైము చాలదు, ఇన్ని ప్రశ్నలెక్కడ అని మాస్టార్లు అనొచ్చు. ఆ ఇబ్బంది నిజమే. ఒక్కరే టీచరు రెండు మూడు తరగతులు చూసుకునే బడుల్లో మరీ కష్టం. అయితే ఒకే సూత్రాన్ని ఏటా మొదట్నుంచి చెప్పుకురావడం కంటే, ఒక్కసారి నిలబడి అడగడానికి పట్టే టైము తక్కువే. కర్ణాటక సర్కారు బడుల్లో 'గణిత కలికా ఆందోలన' పేరిట నాలుగు, ఐదు తరగతులకు లెక్కల సామాన్ల పెట్టెలు ఇచ్చింది కూడా పిల్లలు చేత్తో చేసి తెలుసుకోవాలనే. ఆ పెట్టెలు బీరువాలో ఉంటే లాభం లేదు.

ఇంట్లో అమ్మానాన్నలకు చదువు రాకపోయినా ఫర్వాలేదు. 'నూటికి ఎంతమ్మా?' అని అడగడానికి చదువు అక్కర్లేదు. ఈసారి వడ్లు తూసేటప్పుడు పిల్లను పక్కన నిలబెట్టుకుని, తరుగు నూటికెంత పడిందో చెప్పమని అడగాలి. కాస్త ఆలస్యమైనా ఆగాలి.