లేని జాతికి పాట

కల్పిత జాతులకు భాషలు నిర్మించు విద్య మన కాలమున బాగుగ పెరిగినది. 2015లో వెలువడిన ‘బాహుబలి’ చిత్రమున కాలకేయుల కొరకు మదన్ కార్కి ‘కిలికి’ యను భాషను వ్యాకరణముతోడ కల్పించిరి. ఆ మాటలు వల్లించిన విద్యార్థులు తక్కువ కాదు. కాని కాలకేయుల తల్లి తన బిడ్డను ఏ రాగమున జోకొట్టునో యెవ్వరును అడిగినట్లు లేదు. జోలపాట యూహింపబడని జాతి భయపెట్టుటకే పుట్టిన జాతి.

మాట కల్పించుటకంటె పాట కల్పించుట కష్టము. స్వరములు మన యిష్టానుసారము పుట్టవు. షడ్జమునకు పంచమము ఒకటిన్నర రెట్లు. ఆ పంచమమును షడ్జముగ గొని దానికి పంచమము, మరల దానికి పంచమము, ఇట్లు 12 మెట్లెక్కినచో ఏడు స్థాయిల పైనున్న షడ్జమును చేరవలెను. లెక్క చూడుడు: ఏడు స్థాయిలకు 128 రెట్లు, మన మెక్కినది సుమారు 129.7 రెట్లు! ఈ మిగులు ప్రకృతి పెట్టిన చిక్కు. పియానో వారు దానిని 12 స్వరములకును సమముగ పంచి సర్దుకొనిరి. తంబురకు గొంతు కలుపు మన గాయకుడు పంచమమును పంచమముగనే నిలుపుకొనెను. జావా ద్వీపపు గమెలాన్‌లో కంచు పలకల నాదము తీగ నాదము వంటిది కాదు. అందు దాగిన ఉపస్వరములు సరళమగు నిష్పత్తులలో పలుకవు. అచ్చటి ‘స్లేంద్రో’ ఐదు స్వరములు మన మోహనమును తలపించినను దానితో సరిపోలవు. ఒక మేళపు శ్రుతి మరియొక మేళమునకు కుదురదు. వాద్యము మారిన శ్రుతి మారునన్నమాట.

ఈ మర్మ మెరిగిన రచయిత్రి అమెరికాకు చెందిన ఉర్సులా లెగ్విన్. 1985లో ప్రకటించిన ‘ఆల్వేస్ కమింగ్ హోమ్’ గ్రంథమున ‘కెష్’ అను భవిష్యజ్జాతిని కల్పించి, వారి ఏడడుగుల కొమ్మును, ఎముక పిల్లనగ్రోవిని వర్ణించెను. టాడ్ బార్టన్ స్వరపరచిన వారి పాటలు గ్రంథముతోడనే క్యాసెట్టుగ వెలువడెను. 2009 నాటి ‘అవతార్’ చిత్రమున నిందుకు భిన్నముగ జరిగినది. నావీ జాతికి పాల్ ఫ్రామర్ భాష కల్పించెను. స్వరకర్త జేమ్స్ హార్నర్, నానాజాతుల సంగీతమును పరిశోధించిన వాండా బ్రయంట్ తోడ్పాటుతో అపూర్వ ధ్వనులెన్నియో సేకరించెను. ప్రేక్షకుని చెవికి మరీ వింతయని వానిలో పెక్కింటిని త్రోసివేసిరి. కోట్లు వెచ్చించువారికి ఆ భయము సహజమే. నష్టపోయినది మాత్రము నావీ జాతి.

లెక్కతో రాగము పుట్టదా యని యడుగువారు కలరు. పుట్టును. 17వ శతాబ్దిలో వేంకటమఖి ‘చతుర్దండి ప్రకాశిక’యందు 72 మేళములు లెక్కగట్టినపుడు వాడుకలో నున్నవి 19 మాత్రమే. తక్కినవి అప్పటికి ఎవ్వరును పాడనివి. మన కాలమున మంగళంపల్లి బాలమురళీకృష్ణ ఆ 72 మేళములందును కృతులు రచించిరి.

తరగతిలో కల్పిత కథలు వ్రాయించు ఉపాధ్యాయులు ఒక పని చేయవచ్చును. ఆ జాతివారు ఏ కొయ్యతో, ఏ తోలుతో వాద్యము చేయుదురో, వారి భాషలో హ్రస్వదీర్ఘ భేదము కలదో లేదో మొదట వ్రాయింపుడు. ఆ భేదము లేని భాషకు గురులఘువుల గణములు మన భాషకు వలె కుదురకపోవచ్చును. మరి దాని పాట ఎట్లు నడచునో పిల్లలనే పాడి వినిపింపుమనుడు.