సాక్షిని తీర్పరిగా పొరబడినప్పుడు

హైస్కూలు విద్యార్థులు తమ ఉపాధ్యాయుల బోధనపై అభిప్రాయం చెప్పే పద్ధతి, అంటే ఫీడ్‌బ్యాక్, ప్రవేశపెట్టాలన్న మాట వచ్చినప్పుడల్లా స్టాఫ్‌రూముల్లోనూ తల్లిదండ్రుల సమావేశాల్లోనూ వినిపించే అభ్యంతరం దాదాపు ఒకటే: పదిహేనేళ్ల పిల్లలకు పాఠం చెప్పేవారిని తూచే అర్హత ఎక్కడిది, ఇవాళ అభిప్రాయం అడిగితే రేపు క్రమశిక్షణ మిగులుతుందా, గట్టిగా చదివించేవారికి చెడ్డపేరూ కబుర్లతో గంట గడిపేవారికి మంచిపేరూ రావా అని. ఈ వాదంలో కొంత అనుభవసారం లేకపోలేదు, అందుకే అది ఇంతకాలం నిలిచింది. అయితే విద్యార్థిని అడిగేది తీర్పు తప్ప మరొకటి కాజాలదన్న అపోహ మీదే అది నిలబడి ఉంది. తరగతి గదిలో విద్యార్థి స్థానం సాక్షిది. సాక్షికి న్యాయశాస్త్రం తెలియనక్కరలేదు, సంఘటన జరిగిన చోట ఉంటే చాలు.

ఆ చోట విద్యార్థులు ఉన్నంతసేపు మరెవరూ ఉండరు. 2009 నాటి విద్యాహక్కు చట్టం 6 నుంచి 8 తరగతులకు ఏడాదికి కనీసం 220 పనిదినాలు, 1000 బోధన గంటలు ఉండాలని నిర్దేశించింది. అన్ని గంటల్లో ప్రధానోపాధ్యాయులు ఒక్కొక్కరి తరగతిలో వెనక బెంచీ మీద కూర్చుని వినేవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. తనిఖీకి వచ్చే అధికారి చూసేది మహా అయితే ఒక పీరియడు, అదీ తరచుగా ముందే కబురు తెలిసి, చార్టులు గోడలకెక్కి, పాఠ్యపథకం, అంటే ఏ పాఠం ఏ క్రమంలో చెప్పాలో రాసుకునే పుస్తకం, కొత్త అట్ట తొడుక్కుని సిద్ధంగా ఉన్న పీరియడు. ఆ ఒక్క పీరియడును బట్టి ఏడాది బోధన ఎలాంటిదో నివేదికలో రాస్తే ఎవరూ ఆక్షేపించరు గాని, ఏడాది పొడుగునా విన్నవారిని ఒక్క మాట అడిగితే మాత్రం అది అవిధేయత అవుతుందట.

నిజానికి అడగకూడదనేవారే రోజుకు పదిసార్లు అడుగుతున్నారు. పదో తరగతి భౌతికశాస్త్రంలో గోళాకార దర్పణాల పాఠం చూస్తే సరిపోతుంది. వస్తుదూరానికీ పుటాకార దర్పణపు నాభ్యంతరానికీ రుణ గుర్తు ఎందుకు వేయాలో, ప్రతిబింబ దూరానికి ఒక లెక్కలో రుణ గుర్తూ మరొక లెక్కలో ధన గుర్తూ ఎందుకు వస్తాయో చెప్పే నియమాలను సంజ్ఞా సంప్రదాయం అంటారు. ఆ పాఠంలో పిల్లలు ఎక్కువగా తడబడేది అక్కడే. బోర్డు మీద లెక్క పూర్తవుతుంది, ‘అర్థమైందా?’ అన్న ప్రశ్న పడుతుంది, ‘అర్థమైంది సార్!’ అని తరగతంతా రాగం తీసి ఒక్క గొంతుతో పలుకుతుంది, ఆ భరోసాతో పాఠం తరువాతి లెక్కకు సాగిపోతుంది. ఆ గొంతులో గుర్తు ఎందుకు మారిందో తెలిసినవారివీ, బోర్డు మీది అంకెలు నోటుబుక్కులోకి దించుకున్నవారివీ మాటలు కలిసిపోయి ఉంటాయి. అర్థం కాలేదని లేచినవారు ఏమి అర్థం కాలేదో నలుగురి ముందు చెప్పవలసి వస్తుంది, అది చెప్పగలిగితే సగం అర్థమైనట్టే. పైగా బెల్లు కొట్టే వేళకు లేచినవారిని తోటివారు చూసే చూపు అందరికీ తెలిసిందే. ఇది కూడా ఫీడ్‌బ్యాకే, కాకపోతే అత్యంత నాసిరకం ఫీడ్‌బ్యాక్. దానికి బదులు పీరియడు చివర అరఠావు కాగితాలు పంచి, పేరు రాయకుండా ‘ఈ లెక్కలో ఏ మెట్టు దగ్గర ఆగిపోయారు?’ అన్న ఒక్క ప్రశ్నకు జవాబు రాయిస్తే, తరగతిలో సగంమంది గుర్తు దగ్గరే ఆగారని తేలితే, ఉపాధ్యాయుల పాండిత్యం మీద ఎవరూ తీర్పు చెప్పినట్టు కాదు. మరునాటి పీరియడు ఎక్కడ మొదలుపెట్టాలో తెలిసినట్టు.

విద్యార్థుల సాక్ష్యం నమ్మదగినదేనా అన్న ప్రశ్నకు అమెరికాలో పెద్ద ఎత్తున జరిగిన పరిశీలన ఒకటి ఉంది. గేట్స్ ఫౌండేషన్ నిధులతో 2009లో మొదలై దాదాపు 3000 మంది ఉపాధ్యాయుల తరగతులను పరిశీలించిన ఆ ప్రాజెక్టులో, హార్వర్డ్‌కు చెందిన రొనాల్డ్ ఫెర్గూసన్ రూపొందించిన ప్రశ్నావళిని విద్యార్థులకు ఇచ్చారు. టీచరు మంచివారా, నచ్చారా అని కాక, తరగతిలో సమయం వృథా కాకుండా పని సాగుతుందా, అర్థం కానప్పుడు మరొక విధంగా వివరిస్తారా వంటి సంగతులనే అది అడుగుతుంది. విద్యార్థుల జవాబులు అనుకూలంగా ఉన్న తరగతుల్లో సగటున చదువు కూడా మెరుగ్గా సాగినట్టు అందులో తేలింది. ఒక్కొక్క జవాబులో అలకా అభిమానమూ ఉండవచ్చు, తరగతి మొత్తం జవాబుల సగటులో అవి చాలావరకు కరిగిపోతాయి.

ఇంతటితో వ్యతిరేకుల వాదం పూర్తిగా ఓడిపోయిందనడం తొందరపాటు. అమెరికా వైమానిక దళ అకాడమీలో విద్యార్థులను యాదృచ్ఛికంగా, అంటే ఎవరి ఎంపికా లేకుండా, సెక్షన్లకు కేటాయించే పద్ధతిని ఆధారం చేసుకుని కారెల్, వెస్ట్ అనే ఆర్థికవేత్తలు 2010లో ప్రచురించిన అధ్యయనంలో, తొలి కోర్సులో మార్కులు బాగా తెప్పించి మెప్పు పొందిన అధ్యాపకుల శిష్యులు తరువాతి కోర్సుల్లో వెనకబడినట్టు బయటపడింది. అది కళాశాల స్థాయి సంగతే అయినా హైస్కూలుకూ హెచ్చరికే. అయితే ఆ హెచ్చరిక తగిలేది పదికి ఎన్ని మార్కులు వేస్తారని అడిగే పద్ధతికి. మన కార్పొరేట్ విద్యాసంస్థల్లో అమలయ్యేది చాలాచోట్ల అదే: ఫారాలు నేరుగా యాజమాన్యానికి చేరతాయి, ఇంక్రిమెంటు వాటి మీద ఆధారపడుతుంది, విద్యార్థులు వాటిలో ఏమి రాశారో ఉపాధ్యాయులకు ఎన్నడూ తెలియదు. దీన్ని చూసి భయపడ్డ ఉపాధ్యాయుల భయం న్యాయమైనదే. విచిత్రమేమంటే, పిల్లలకు తీర్పు చెప్పే అర్హత లేదనేవారూ, ఆ తీర్పునే జీతాలకు ముడిపెట్టే యాజమాన్యాలూ పైకి బద్ధశత్రువుల్లా కనిపించినా, విద్యార్థిని తీర్పరిగానే చూడడంలో ఇద్దరిదీ ఒకే మాట.

ఇక గురుభక్తి వాదం. ఆచార్యుణ్ణి దైవంగా భావించమన్న ఉపదేశం తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లిలోది. గురుపూజోత్సవ సభల్లో దానిని ఉదాహరించేవారు ఆ అనువాకంలోనే, ఆ వెనువెంటనే ఉన్న మాటను సాధారణంగా వదిలేస్తారు. అక్కడ గురువు, తమలోని మంచి నడవడినే అనుసరించాలి గాని తక్కినవాటిని కాదని శిష్యుడికి చెబుతాడు. గురువులో తీసుకోదగినదేదో విడిచిపెట్టదగినదేదో శిష్యుడు గుర్తించగలడన్న నమ్మకం లేనిదే ఆ మాటకు అర్థం లేదు. ఆ నమ్మకం నేటి విధాన పత్రాల్లోనే తక్కువ. పిల్లలకు సంబంధించిన విషయాల్లో వారి అభిప్రాయాన్ని వినాలని 12వ అధికరణంలో చెప్పే ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికను భారతదేశం 1992లో అంగీకరించింది. 2020 జాతీయ విద్యావిధానం మాత్రం ఉపాధ్యాయుల పనితీరును అంచనా వేయడానికి సహోపాధ్యాయుల సమీక్ష, హాజరు, అంకితభావం, శిక్షణ పొందిన గంటలు వంటివి పేర్కొని, విద్యార్థుల మాటను ఆ వరుసలో పేరుపెట్టి చెప్పలేదు. జీతాలతో ముడిపడిన అంచనాలో అది లేకపోవడం ఒక విధంగా మంచిదే, బోధనను సరిదిద్దుకునే పనిలో కూడా లేకపోవడమే లోపం.

ఆచరణలో అసలు చిక్కు చేతిరాతది. నలభైమంది ఉన్న తరగతిలో ఏడాదంతా నోటుబుక్కులు దిద్దేవారికి పేరులేని కాగితం ఎవరిదో రెండు అక్షరాల్లో తెలిసిపోతుంది, అంతర్గత మూల్యాంకనపు మార్కులు కూడా ఆ చేతుల్లోనే ఉన్నచోట నిజం రాసే ధైర్యం ఎందరికో ఉండదు. కనుక జవాబులు టిక్కులుగా ఉండాలి, లేదా తరగతిలో ఒకరిద్దరు విద్యార్థులు వాటిని కలిపి ఒకే కాగితంగా తిరగరాసి ఇవ్వాలి. ఆ కాగితం ఉపాధ్యాయుల దగ్గరే ఉండాలి, ఆఫీసు గదికి పోకూడదు. అందులో రాసిన ప్రతిదీ చేయాలన్న నియమమేమీ లేదు. హోంవర్కు తగ్గించమని సగం తరగతి రాస్తే తగ్గించనక్కరలేదు, ఎందుకు తగ్గించడం లేదో మరునాడు వారికి చెప్పాలి. బోర్డు మీది రాత వెనక బెంచీకి కనిపించడం లేదని నలుగురే రాసినా వివరణలతో పని లేదు, అక్షరాలు పెద్దవిగా రాస్తే సరిపోతుంది.