పిస్తోలు పోటీలు – ఎఱ్ఱచుక్క

పిస్తోలుపై ఎఱ్ఱచుక్క గుఱి నమర్చుకొని పోటీలయందు పాల్గొనవచ్చునా, కూడదా యను వాదము మన పట్టణముల పఠనమందిరములకును వచ్చి చేరినది. ఏలూరి కాలువగట్టు మీదను, తాడేపల్లిగూడెము బజారులోను ధాన్యపు ధరలను గూర్చియు చేపల చెఱువులను గూర్చియు మాటలాడుకొనువారికి పిస్తోళ్ల ముచ్చట యెందులకని కొందఱు నవ్వవచ్చును. హైదరాబాదు బాలిక ఈషా సింగ్ 2018లో పదుమూడేండ్ల ప్రాయమున జాతీయ విజేత యైనది మొదలు ఆ నవ్వు చెల్లదు. 2023లో హాంగ్‌చౌ నగరమున జరిగిన ఆసియా క్రీడలలో ఆమె ఒక స్వర్ణమును, మూడు రజతములను గడించెను. 2024లో పారిస్ ఒలింపిక్సున 25 మీటర్ల పిస్తోలు పోటీయందు నిలిచెను. ఆ పారిస్‌లోనే మను భాకర్ పిస్తోలుతో రెండు కాంస్యపతకములు తెచ్చినది. నాటినుండి మన జిల్లాల తలిదండ్రులును పిల్లవానికి ఏ పిస్తోలు కొనవలెను, దానిపై ఏ గుఱి పెట్టింపవలెను అని అడుగుచున్నారు. అడుగువారి చేతిలో సొమ్మున్నది; పిల్లవాని చేతిలో అయిదాఱేండ్ల కాలమున్నది. తప్పుడు సలహా ఈ రెంటిని హరించును. కావున ఈ విషయమును కొంత విపులముగా చర్చింప దలచితిమి.

ఆయుధమన్నంతనే ఉలికిపడు అలవాటు మనకు పరాయి ప్రభుత్వము నేర్పినది. 1878 నాటి ఆయుధముల చట్టము భారతీయుని చేతినుండి తుపాకిని తీసివేసెను. 1887లో చెన్నపట్టణమున కూడిన కాంగ్రెసు మహాసభ దానిని సవరింపుడని కోరెను. 1930లో గాంధీజీ ప్రభుత్వము నెదుట నుంచిన పదునొకండు కోరికలలో ఆత్మరక్షణార్థము తుపాకులకు లైసెన్సు లీయవలె ననునదియు నొకటి. (అహింసావ్రతుడు తుపాకి లైసెన్సు కోరుట యేమని ఆశ్చర్యపడువారు నిరాయుధునకును భీరువునకును గల భేదమును మఱచినవారు.) స్వరాజ్యము వచ్చిన పిదప 1951లో జాతీయ రైఫిల్ సంఘమును స్థాపించి దాని మొదటి అధ్యక్షుడైన గణేశ వాసుదేవ మావలంకర్ న్యాయవాది, గాంధీజీ అనుచరుడు, తరువాత లోక్‌సభకు తొలి స్పీకరు. 1878 చట్టమునకు బదులు 1959 చట్టము వచ్చినది. 2019 సవరణచే సామాన్య లైసెన్సుదారునకు రెండు ఆయుధములకు మించి యుండరాదు. క్రీడాకారులకు కొన్ని మినహాయింపులు గలవు. ఈ చరిత్రను ఇంతటితో విడిచెదము.

సాధారణమైన పిస్తోలుపై గుఱి యనగా రెండు లోహపు తునకలు. వెనుక ఒక గాడి, ముందు ఒక నిలువుపలక. గాడి నడుమ పలక నిలువవలెను, పలక తల గాడి అంచులతో సమముగా నుండవలెను, ఆ రెండును కలిసి లక్ష్యము క్రింద నిలువవలెను. కన్ను ఒక్కసారి ఒక్క దూరముననే స్పష్టముగా చూడగలదు. ఇచ్చట మూడు దూరములున్నవి. అందుచే శిక్షకులందఱును ముందుపలకనే చూడుము, లక్ష్యము మసకబాఱిన బాఱనిమ్మని బోధింతురు. ద్రోణుని పరీక్షలో పక్షి కన్ను తప్ప వేఱేమియు కానరాదన్న అర్జునుడు నేటి రేంజికి వచ్చినచో శిక్షకునిచే చీవాట్లు తినును! పలక గాడిలో ఒక మిల్లీమీటరు ప్రక్కకు జరిగిన నేమగునో లెక్క చూడుడు. 25 మీటర్ల పోటీ పిస్తోలునందు రెండు గుఱుల నడుమ దూరము 220 మిల్లీమీటర్లకు మించరాదు. కనుక ఆ యొక్క మిల్లీమీటరు లక్ష్యము చేరునప్పటికి సుమారు 11 సెంటీమీటర్లగును. పది మార్కుల వలయము వ్యాసమో, అయిదు సెంటీమీటర్లు. చేయి వణకుటకన్న గుఱులు ఒండొంటితో తప్పుటయే ఎక్కువ చేటు తెచ్చునని దీనివలన తేలుచున్నది.

ఎఱ్ఱచుక్క ఈ రెండవ చేటును తొలగించును. చిన్న విద్యుద్దీపము వెలుగును వంపుగల అద్దముపై పడవేయుదురు. ఆ అద్దముపై పూత ఎఱుపును మాత్రము కంటివైపు త్రిప్పి, తక్కిన వెలుగును లోనికి రానిచ్చును. దీపము అద్దపు నాభిస్థానమున నుండుటచే దాని కిరణములు సమాంతరములై వచ్చి, చుక్క పిస్తోలుపై గాక లక్ష్యము నొద్దనే వ్రేలాడుచున్నట్లు కానవచ్చును. కన్ను కొంచెము ప్రక్కకు జరిగినను చుక్క యున్నచోటికే తూటా పోవును. మూడు దూరముల బాధ పోయి ఒక్క దూరమే మిగిలినది. నీటిలో ప్రతిబింబమును చూచి మత్స్యయంత్రమును కొట్టిన కథ మన పురాణములందున్నది; ప్రతిబింబముతో గుఱి చూచు తుపాకిని 1900లో కనిపెట్టినవాడు డబ్లిను నగరమున దూరదర్శినులు చేయు హోవర్డ్ గ్రబ్. రెండవ ప్రపంచయుద్ధమున పోరువిమానములలోని గుఱి అద్దములు పెక్కు ఈ జాతివే. తాడేపల్లిగూడెమున ఆ యుద్ధకాలపు విమానపు దారి నేటికిని కానవచ్చుచున్నది గదా. చేతి ఆయుధములకు ఎలక్ట్రానిక్ ఎఱ్ఱచుక్కను స్వీడను దేశపు ఎయిమ్‌పాయింట్ సంస్థ 1975లో తెచ్చినది. ఇప్పుడు నక్షత్రములను వెదకు దూరదర్శినులకును, ఎగురు పక్షులను పట్టు ఛాయాచిత్ర యంత్రములకును ఇదే చుక్కను బిగించుచున్నారు.

ఇక మా సంగతి. మా వయస్సు నలువది దాటినది. న్యాయస్థానమున దస్తావేజును మూరెడు దూరమున పెట్టి చదువు దశ మాకును ప్రాప్తించినది. మన పెద్దలు దీనికి చత్వారమని పేరిడిరి. కంటిలోని కటకము బిగిసి దగ్గఱి వస్తువునకు వంగనేరకపోవుటయే ఇది. గడచిన శీతకాలమున మేమొక రేంజికి పోయి గాలి పిస్తోలు పట్టితిమి. ముందుపలక దూదిపింజవలె కనిపించినది. పది గుండ్లు పేల్చిన పిమ్మట కాగితమును చూచి నవ్వుకొంటిమి. అచ్చటి యువశిక్షకుడు జాలిపడి ఎఱ్ఱచుక్క గల పిస్తోలు నందిచ్చెను. పదిగుండ్లును నల్లని వలయమున పడినవి! ఆ యుత్సాహమున ఒక స్థానిక పోటీలో చేర్చుకొండని అడుగగా నిర్వాహకులు వీలుకాదనిరి. వారు చేసినది తప్పని మేమనజాలము. నిబంధన యట్లున్నది.

ఆ నిబంధన యేమి? అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య వారి పిస్తోలు పోటీలన్నిట తెఱపి గుఱులే యుండవలెను. కటకము, అద్దము, లేజరు, ఎలక్ట్రానిక్ చుక్క ఏదియు పిస్తోలుపై నుండరాదు. ఒలింపిక్సునందు నడచునది ఈ నిబంధనయే. చత్వారము గలవారు సులోచనములలో తగిన కటకము పెట్టుకొనవచ్చును. కావున కన్నులు పోయినవని మేము మొఱపెట్టుట పూర్తిగా న్యాయము కాదని ఒప్పుకొందుము. అయితే అదే సమాఖ్య కదలు లక్ష్యపు రైఫిల్ పోటీలలో దూరదర్శిని గుఱిని అనుమతించుచున్నది. సాధనము పాపము కాదని, ఏ పోటీలో ఏ సాధనమన్నదే ప్రశ్నయని దీనివలన స్పష్టము. అమెరికా దేశపు పాతకాలపు బుల్స్ఐ పోటీలలో ఎఱ్ఱచుక్క సాధారణమైపోయినది. పరుగెత్తుచు పేల్చు ఐ.పి.యస్.సి. పోటీలలో 1990లో అడిలైడ్ నగరమున డగ్ కోనిగ్ ఎఱ్ఱచుక్కతో ప్రపంచ విజేత యయ్యెను. అనంతరము ఆ సంస్థవారు చుక్కను వెలివేయలేదు, అందఱి నెత్తిన రుద్దను లేదు. చుక్కగలవారికొక తరగతి, లేనివారికి మఱికొన్ని తరగతులు ఏర్పఱచిరి.

ఇంతదూరము పోనేల? మన విజయవాడనే చూడుడు. వెన్నం జ్యోతి సురేఖ ప్రయోగించునది కాంపౌండ్ విల్లు. దానికి లక్ష్యమును పెద్దదిగా చూపు కటకమున్నది, నారిని వదలుటకు మీటయున్నది. ఆమె హాంగ్‌చౌలో మూడు స్వర్ణములు గెలిచినది. అదే పట్టణపు బొమ్మదేవర ధీరజ్ పట్టునది రికర్వ్ విల్లు. దానిపై కటకము నిషిద్ధము. వ్రేళ్లతోనే నారి వదలవలెను. అతడు హాంగ్‌చౌలో జట్టుతో రజతమందెను, పారిస్‌లో మిశ్రమ జట్టున నాలుగవ స్థానమువఱకు పోయెను. కటకమున్నది గనుక సురేఖ విద్య తక్కువ యనువాడెవ్వడు? లేనందున ధీరజ్ వెనుకబడినాడనువాడెవ్వడు? ఇద్దఱును ఒకే వరుసలో నిలిచి పోటీపడలేదు, అంతే. 2014 నుండి ఆసియా క్రీడలలో స్థానమున్న కాంపౌండ్ విల్లునకు 2028 లాస్ ఏంజిలిస్ ఒలింపిక్సునను మిశ్రమ జట్టు పోటీతో చోటు దొరకినది. వేఱు తరగతిగా పెరిగిన విద్యకు ఒకనాడు పెద్దపీట దక్కుననుటకు ఇది నిదర్శనము.

చుక్క బిగించిన ప్రతివాడును గుఱికాడగునను అపోహ యొకటి గలదు. మేము స్వయముగా చూచితిమి గనుక చెప్పుచున్నాము; చుక్క వణకును దాచదు, ఇంకను ఎక్కువ చేసి చూపును. ముందుపలకయందు కానరాని చేతివణకు చుక్కయందు తుమ్మెదవలె తిరుగాడును. క్రొత్తవాడు చుక్క నడుమకు వచ్చినంతనే ఆత్రముతో ట్రిగ్గరు గుంజును. గుంజుటతో చుక్క పోవును, గుండు పోవును. గాలి పిస్తోలు ట్రిగ్గరు బరువు 500 గ్రాములకు, 25 మీటర్ల పిస్తోలుది 1000 గ్రాములకు తగ్గరాదు. ఆ బరువును కదలకుండ నొక్కు వ్రేలికి ఏ దీపమును సాయపడదు. మఱియు కంటి గోళము వంపు సమముగా లేనివారికి చుక్క గుండ్రముగా కనబడక తోకచుక్కవలె చెదరును. కొనబోవువారు ముందుగా చరవాణితో ఆ చుక్కను ఛాయాచిత్రము తీయుడు. చిత్రమున గుండ్రముగా నుండి కంటికి చెదరినచో దోషము కంటిదే. సొమ్ము కంటివైద్యునకు ఈయదగినది, దుకాణదారునకు కాదు.

మా యభిప్రాయము దాచవలసినది లేదు. ఒలింపిక్సు మీద చూపుగల బాలబాలికల పిస్తోళ్లపై ఎఱ్ఱచుక్క పెట్టరాదు. చుక్కకు అలవాటుపడిన కన్ను ముందుపలకను చూచుట మరల మొదటినుండి నేర్వవలసి వచ్చును. అయిదేండ్లు వృథా యగును. సులభముగా ఫలితము చూపి చందాదారులను పెంచుకొనుటకై పిల్లలకు చుక్క నిచ్చు శిక్షకులు ద్రోహము చేయుచున్నారనుటకు మేము వెనుదీయము. ఇక నలువదియైదు దాటినవారికి, సరదాకొఱకు నేర్చువారికి, కంటిజబ్బు గలవారికి ఎఱ్ఱచుక్క తరగతి నొకదానిని రాష్ట్ర, జిల్లా పోటీలలో వేఱుగా పెట్టవలెను. పతకములు వేఱు, రికార్డులు వేఱు. ఒకరి మార్కును మఱొకరి మార్కుతో పోల్చరాదు. పిస్తోలు మాట పక్కనుంచి అద్దమును దీపమును మాత్రము తీసికొన్నచో, తాడేపల్లిగూడెమున 2015 నుండి నడచుచున్న జాతీయ సాంకేతిక విద్యాలయపు విద్యార్థులకు ఇది మంచి పని. విదేశముల నుండి వేలకువేలు పోసి తెప్పించు ఈ చిన్న పేటికలో వారికి అందని రహస్య మేమియు లేదు.

కొల్లేటి వారికొక మాట. గుఱి నేర్చితిమని బాతులవైపు తిరుగువాడు క్రీడాకారుడు కాడు, నేరస్థుడు. ఆ సరస్సు 1999 నుండి అభయారణ్యము, 2002 నుండి అంతర్జాతీయ ప్రాముఖ్యముగల చిత్తడినేల. ఆటపాక వద్ద గూడబాతులపై ఎఱ్ఱచుక్క నిలుపవలెనను కోరిక గలవారు ఛాయాచిత్ర యంత్రముపై నిలుపుకొందురుగాక.

రాష్ట్ర సంఘమువారు రాబోవు పోటీల నిబంధనావళిని ముద్రించుటకు పూర్వమే ఈ తరగతిని అందు చేర్తురని ఆశించుచున్నాము. ప్రవేశ రుసుము మొదటి రెండేండ్లు సగమే యుంచినచో, కార్యాలయముల నుండియు బడులనుండియు వచ్చు పెద్దలు కొందఱైనను పేరు లిచ్చుకొందురు. మేమును ఇచ్చుకొందుము.