సూది గుచ్చుకుంటే ఎవరికి చెప్పుకోవాలి?

హెచ్ఐవీ గురించి ప్రభుత్వం మాట్లాడినప్పుడల్లా ఒక జాబితా వినిపిస్తుంది. సెక్స్ వర్కర్లు, ట్రాన్స్‌జెండర్లు, పురుషులతో లైంగిక సంబంధాలున్న పురుషులు, సూదులతో మత్తుమందు తీసుకునేవారు, ఆ తర్వాత లారీ డ్రైవర్లు, వలస కూలీలు. డిసెంబర్ 1న ఎర్ర రిబ్బన్లు పెట్టుకుని తీసే ర్యాలీల వెనకా, అధికారుల సమీక్షల్లోనూ ఇదే జాబితా. అందులో లేని ఒక మనిషి గురించి మేం ఇక్కడ మాట్లాడదలచుకున్నాం. ప్రభుత్వాసుపత్రిలో ఆపరేషన్ థియేటర్ కడిగి, వార్డుల్లో చెత్త సంచులు మూటగట్టి, వాటిని వెనక షెడ్డు దాకా మోసే పారిశుధ్య కార్మికురాలు ఆమె. ఆమె కులమేమిటో మన పాఠకులకు వేరే చెప్పనక్కర్లేదు.

తెలుగు రాష్ట్రాల్లో హెచ్ఐవీ ముగిసిపోయిన కథ కాదు. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ నాకో 2021 అంచనాల ప్రకారం దేశంలో వయోజనుల్లో వ్యాప్తి 0.21 శాతం ఉంటే, తెలంగాణలో 0.47, ఆంధ్రప్రదేశ్‌లో 0.67 శాతం. హెచ్ఐవీతో జీవిస్తున్నవారి సంఖ్యలో మహారాష్ట్ర తర్వాతి స్థానం ఆంధ్రప్రదేశ్‌దే, 3.21 లక్షల మంది. 2005-06 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఉమ్మడి రాష్ట్రపు లెక్క 0.97 శాతం. అక్కడి నుంచి ఇంతవరకు తగ్గిందంటే దాని వెనక చాలామంది శ్రమ ఉంది. అందులో పెద్ద వాటా సెక్స్ వర్కర్ల సంఘాలది, తమ ఒంట్లో వైరస్ ఉందని బహిరంగంగా చెప్పుకుని నిలబడ్డ పాజిటివ్ నెట్‌వర్కులది. ఆ వాటా వాళ్లకు ఇచ్చాకే విమర్శ మొదలుపెట్టాలి.

మన దేశంలో 1986లో మొదటి కేసులు చెన్నైలో సెక్స్ వర్కర్ల రక్త నమూనాల్లో బయటపడ్డాయి. 1992లో నాకో ఏర్పడింది. అప్పటి నుంచీ నివారణ విధానం ప్రధానంగా మనుషుల ప్రవర్తన చుట్టూ తిరుగుతోంది. ఎవరు ఎవరితో పడుకుంటున్నారు, ఎవరు ఏం ఎక్కించుకుంటున్నారు అనేదే ప్రశ్న. ఆ మనిషి ఆ చోటికి ఎలా వచ్చిందన్నది ఫారంలో ఉండదు. మహబూబ్‌నగర్‌లోనో నిజామాబాద్‌లోనో జోగినిగా మార్చిన మాదిగ పిల్ల, పెద్దయ్యాక కార్యక్రమం లెక్కలోకి వస్తే సెక్స్ వర్కర్ అనే గడిలోనే వస్తుంది. ఈ ఆచారాన్ని నిషేధిస్తూ 1988లోనే చట్టం చేసిన రాష్ట్రం మనది. ఆరోగ్య శాఖ పుస్తకానికి మాత్రం ఆ చట్టంతో పనిలేదు. నాకో వెలువరించే అంచనాల్లో రాష్ట్రం, వయసు, లింగం ఉంటాయి, కులం పట్టిక ఉండదు.

కులం అడిగితే కళంకం పెరుగుతుందనే వాదన ఒకటుంది. దాన్ని మేం కొట్టిపారేయం. పల్లెలో దళితవాడకు హెచ్ఐవీ ముద్ర కూడా పడితే బావి దగ్గర, టీ కొట్టు దగ్గర ఏం జరుగుతుందో ఊహించడం కష్టం కాదు. కాబట్టి జబ్బును కులాల వారీగా పంచి ప్రచురించమని మేం అడగడం లేదు. ఏ పనివల్ల ఎవరికి ప్రమాదం వస్తోందో లెక్క రాయమంటున్నాం.

ఆ లెక్క మొదలవ్వాల్సిన చోటు ఆసుపత్రి. 2016 జీవవైద్య వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడిన సూదులు, బ్లేడ్లు తెల్లటి, గుచ్చుకోని డబ్బాలోకే వెళ్లాలి. పసుపు, ఎరుపు సంచుల్లోకి వెళ్లకూడదు. కానీ రద్దీ వార్డులో సూది ఎక్కడ పడుతుందో ఆసుపత్రిలో పడుకుని లేచిన ఎవరికైనా తెలుసు. మంచం కింద, దుప్పటి మడతలో, ఎరుపు సంచిలో గ్లౌజుల మధ్య. డాక్టరు చేతిలోనూ, నర్సు చేతిలోనూ ఉన్నప్పుడు ఆ సూది ఎవరిదో తెలుస్తుంది. సంచి మోసేటప్పుడు అది తొడకు గుచ్చుకుంటే ఏ రోగికి వాడిందో కనిపెట్టే దారి లేదు. మున్సిపాలిటీ ఆటోలో తడిచెత్త, పొడిచెత్త వేరుచేసే కార్మికుడిదీ ఇదే పరిస్థితి. ఇళ్లలో షుగర్ వాళ్లు పారేసే ఇన్సులిన్ సూదులు అతని చేతుల్లోకే వస్తాయి.

ప్రమాదాన్ని పెంచి చెప్పడం మాకిష్టం లేదు. హెచ్ఐవీ ఉన్న వ్యక్తికి వాడిన సూది గుచ్చుకుంటే వైరస్ సోకే అవకాశం సుమారు 0.3 శాతం, అంటే వెయ్యిలో మూడు. ఆ వ్యక్తి ఏఆర్టీ మందులు సక్రమంగా వాడుతుంటే ఇంకా తక్కువ. హెపటైటిస్-బి విషయంలో టీకా వేయించుకోనివారికి ఇది 30 శాతం దాకా ఉండొచ్చు. అందుకే 2016 నిబంధనలు చెత్త పట్టుకునే ప్రతి కార్మికుడికీ హెపటైటిస్-బి, ధనుర్వాతం టీకాలు, పనిలో చేరినప్పుడూ ఆ తర్వాత ఏడాదికోసారీ ఆరోగ్య పరీక్ష, శిక్షణ తప్పనిసరి చేశాయి. మూడు డోసుల టీకా కార్డు ఎంతమంది కార్మికుల దగ్గర ఉందో మీ ఊరి ఆసుపత్రిలోనే అడిగి చూడండి.

వెయ్యిలో మూడైనా, ఆ ముగ్గురిలో ఒకరు కాకుండా చూసుకునే మందు ఉంది. సూది గుచ్చుకున్నాక వీలైతే 2 గంటల్లో, ఎట్టి పరిస్థితుల్లో 72 గంటలు దాటకుండా మొదలుపెట్టి 28 రోజులు మింగాలి. పెప్ అంటారు దీన్ని. ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితం. హౌస్ సర్జన్‌కు సూది గుచ్చుకుంటే పది నిమిషాల్లో క్యాజువాలిటీకి వెళ్తాడు, సీనియర్‌కు ఫోన్ చేస్తాడు, మాత్ర వేసుకుంటాడు. శానిటేషన్ వర్కర్‌కు గుచ్చుకుంటే? ఆమె ఆసుపత్రి ఉద్యోగి కాదు, ఏజెన్సీ మనిషి. ముందు సూపర్‌వైజర్‌కు చెప్పాలి. అతను ఉదయం షిఫ్టుకే వస్తాడు. చెబితే జాగ్రత్తగా పనిచేయలేదని తిడతాడు, ఆ పూట జీతం కోస్తాడేమోనన్న భయం. రక్తపరీక్ష చేస్తారని తెలిస్తే, ఏదైనా బయటపడి తీసేస్తారేమోనన్న ఇంకో భయం. వేలిని నీళ్ల కింద పెట్టి, గుడ్డ చుట్టుకుని పనిలో పడిపోతుంది. 72 గంటలంటే మూడు షిఫ్టులు.

చట్టం మాత్రం ఆమె వైపే ఉంది. 2017 హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది. దాని 19వ సెక్షన్ ప్రకారం వైద్యసేవలందించే ప్రతి సంస్థా, పనిలో హెచ్ఐవీ సోకే ప్రమాదం గణనీయంగా ఉన్న ఇతర సంస్థలూ తమ దగ్గర పనిచేసే వారందరికీ రక్షణ పరికరాలు, శిక్షణ, పెప్ ఇవ్వాలి. అవి అందుబాటులో ఉన్నాయని వాళ్లకు తెలియజేయాలి కూడా. పర్మినెంటు, కాంట్రాక్టు అన్న తేడా ఆ సెక్షన్‌లో లేదు. 'ఆ సంస్థలో పనిచేసేవారు' అంటే ఏజెన్సీ కార్మికులు కూడా అనే మేం చదువుకుంటున్నాం. మరోలా చదివిన అధికారి ఆ మాట రాతపూర్వకంగా ఇస్తే బాగుంటుంది, దాన్ని పట్టుకుని కోర్టుకు వెళ్లొచ్చు.

పరీక్ష విషయంలోనూ ఇదే చట్టం గట్టిగా ఉంది. సమ్మతి లేకుండా, ముందూ వెనకా కౌన్సెలింగ్ లేకుండా హెచ్ఐవీ పరీక్ష చేయకూడదు. ఉద్యోగం ఇవ్వడానికి పరీక్షను షరతుగా పెట్టకూడదు. ఇది కార్యకర్తలు ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. ఎందుకంటే కార్మికుల భద్రత పేరుతో అందరికీ మూకుమ్మడి పరీక్షలు చేయిస్తామని ఎవరో ఒక ఉత్సాహవంతుడు ముందుకొస్తాడు. మేం అడుగుతున్నది టీకా, తెల్ల డబ్బా, చేతికి సరిపోయే గ్లౌజులు, రాత్రి 2 గంటలకు కూడా పెప్ ఇచ్చే కౌంటర్. కార్మికులను అనుమానితులుగా వరసలో నిలబెట్టడం కాదు.

మురుగు కార్మికుల విషయంలో ప్రభుత్వం లెక్క తీయగలిగింది. నమస్తే పథకం కింద 2024 నాటికి వివరాలు నమోదైన 38 వేల మంది మురుగు, సెప్టిక్ ట్యాంకు కార్మికుల్లో 68.9 శాతం దళితులని తేలింది. మ్యాన్‌హోల్ చావుల మీద ఏళ్ల తరబడి నడిచిన పోరాటం లేకపోతే ఆ అంకె కూడా వచ్చేది కాదు. ఆసుపత్రి కార్మికుల వంతు ఇంకా రాలేదు.

ఈలోగా హైదరాబాద్ నుంచి ఒక మంచి వార్త. ఏడాదికి రెండు ఇంజెక్షన్లతో హెచ్ఐవీని ఆపే లెనాకపవిర్ మందును ఏడాదికి 40 డాలర్లకే పేద దేశాలకు అందించడానికి 2025 సెప్టెంబర్‌లో డాక్టర్ రెడ్డీస్, హెటెరో ఒప్పందాలు చేసుకున్నాయి. 2027 నుంచి వస్తుందంటున్నారు. రావాలి కూడా. అదే నగరంలోని ఆసుపత్రుల్లో 28 రోజుల పాత మాత్ర పై అంతస్తు నుంచి కింది షెడ్డు దాకా దిగడం లేదన్నది మా గోడు.

విద్యార్థి సంఘాలు చేయగలిగిన పని ఒకటుంది, ఖర్చు 10 రూపాయలు. 2016 నిబంధనల కింద ప్రతి ఆసుపత్రీ ఏటా జూన్ 30 లోపు వ్యర్థాలపై వార్షిక నివేదిక ఇవ్వాలి, అందులో ప్రమాదాల సంఖ్య రాసే గడి ఉంటుంది. మీ జిల్లా ఆసుపత్రి గత మూడేళ్ల నివేదికలు సమాచార హక్కు కింద అడగండి. ఆ గడిలో 'నిల్' అని ఉంటే, రెండో దరఖాస్తు పెట్టండి. మూడేళ్లలో ఎంతమందికి పెప్ ఇచ్చారు, అందులో డాక్టర్లెందరు, నర్సులెందరు, పారిశుధ్య కార్మికులెందరు, ఏజెన్సీ కార్మికుల్లో హెపటైటిస్-బి మూడు డోసులూ పూర్తయినవారెందరు. పేర్లు అడగొద్దు, సంఖ్యలు చాలు. జవాబులొచ్చాక వాటిని ముందు ఆ కార్మికుల యూనియన్‌కు చూపించండి, తర్వాత పత్రికలకు.