పాత ఫోటోతో కొత్త చిక్కులు

ఖిలా వరంగల్ కాకతీయ తోరణం 2014లో తెలంగాణ రాజముద్రకెక్కింది. ఏడు వందల ఏళ్లయినా ఆ రాతి పోలిక మారలేదు. మనిషి ముఖం అలా కాదు, పదేళ్లలో ఎంతో మారుతుంది. అయినా అనేకులు పాత ఫోటోనే దరఖాస్తులకు అంటిస్తుంటారు. తీరా పరీక్ష హాలు వద్దనో, ఇంటర్వ్యూలోనో పోలిక కుదరకపోతే ఇబ్బంది పడేది అభ్యర్థే. కోట చూపించే గైడుకైనా, దర్రీలు నేసి అమ్ముకునే కార్మికునికైనా ఫోటోయే తొలి పరిచయం. ఖరీదైన హంగులు అక్కరలేదు. మంచి వెలుతురులో నేటి ముఖం స్పష్టంగా కనిపిస్తే చాలు.

ఆధార్‌లో ఫోటో మార్చుకోవాలంటే కేంద్రానికి స్వయంగా వెళ్లక తప్పదు. పిల్లలు 5, 15 ఏళ్లు నిండాక వేలిముద్రలతో పాటు ఫోటో మళ్లీ ఇవ్వాలి. కూలి మానుకుని వెళ్లడం పేదలకు భారమే. కనుక అధికారులు కోట లోపలే అప్పుడప్పుడు శిబిరాలు నిర్వహించడం సమంజసం.